తాళం వేయండి, చెరిపేయకండి

మా బంధువర్గంలో ఎవరి మెయిల్ ఖాతా మూతపడబోతున్నా ఆ కబురు ముందు నాకే వస్తుంది. చాలామందికి ఖాతాలు తెరిచిపెట్టింది నేనే. 'రికవరీ మెయిల్' (పాస్‌వర్డు మర్చిపోతే కబురు పంపడానికి ఇంకో చిరునామా) అని అడిగిన చోటల్లా నా చిరునామా ఇచ్చాను. అందుకని ఖమ్మంలో ఉన్న అత్తయ్యకు రావాల్సిన హెచ్చరిక, మస్కట్‌లో పనిచేసే చిన్నబావకు రావాల్సిన హెచ్చరిక, వాట్సాప్ తప్ప ఇంకేదీ ముట్టని బాబాయికి రావాల్సిన హెచ్చరిక, అన్నీ నా ఫోన్లోనే మోగుతాయి. ఈ ఖాతాను చాలాకాలంగా ఎవరూ వాడటం లేదు, ఫలానా తేదీలోగా లోపలికి రాకపోతే ఇందులో ఉన్నదంతా తొలగిస్తాం అని వాటి సారాంశం.

అలాంటిది వచ్చిన ప్రతిసారీ ఒకటే ఆలోచన. నా చిరునామా అక్కడ లేకపోతే ఈ సంగతి వాళ్లకు ఎలా తెలిసేది? మెయిల్ చూడని మనిషికి, నువ్వు మెయిల్ చూడటం లేదన్న మాటను మెయిల్‌లో పంపుతున్నారు. రికవరీ చిరునామా ఇవ్వనివాళ్లు, ఇచ్చినా అదీ మూలపడిపోయినవాళ్లు ఎంతమంది లేరు? వాళ్లకు కబురు అందదు. కంపెనీ రికార్డులో మాత్రం నోటీసు ఇచ్చినట్టే ఉంటుంది.

ఈ పద్ధతి తప్పు అని నా గట్టి నమ్మకం. ఎవరూ వాడని ఖాతాకు తాళం వేయండి, కాదనను. లోపల ఉన్న ఉత్తరాలను చెరిపేసే హక్కు మాత్రం ఎవరికీ ఉండకూడదు.

ఈ మధ్య ఈ హెచ్చరికలు ఎక్కువ కావడానికి కారణం ఉంది. 2023 మే నెలలో గూగుల్ ఒక ప్రకటన చేసింది. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని జీమెయిల్, డ్రైవ్, ఫోటోలతో సహా తీసేయవచ్చని చెప్పింది. ఆ ఏడాది డిసెంబరు నుంచి అమలు మొదలైంది. తెరిచి వదిలేసి మళ్ళీ ముట్టుకోని ఖాతాలతో మొదలుపెడతామన్నారు. స్కూళ్లు, కంపెనీలు ఇచ్చిన ఖాతాల జోలికి రామన్నారు. యాహూ గడువు ఇంకా తక్కువ, పన్నెండు నెలలు లోపలికి వెళ్ళకపోతే మెయిల్‌బాక్స్ ఖాళీ అయిపోవచ్చు. ఔట్‌లుక్, పాత హాట్‌మెయిల్ వాడేవాళ్లకు కూడా మెయిల్ మట్టుకు ఏడాదే గడువు, మొత్తం మైక్రోసాఫ్ట్ ఖాతాకైతే రెండేళ్లు.

కంపెనీల వాదన కొట్టిపారేయాల్సింది కాదు. వాడకుండా వదిలేసిన ఖాతాలకు రెండంచెల భద్రత (పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చే కోడ్ లాంటిది కూడా అడగడం) ఉండే అవకాశం, వాడుకలో ఉన్న ఖాతాలతో పోలిస్తే కనీసం పది రెట్లు తక్కువని గూగుల్ తన లోపలి లెక్కల్ని బట్టి చెప్పింది. అది నిజమే అయి ఉంటుంది. పదిహేనేళ్ల కిందటి పాస్‌వర్డు ఇంకెక్కడో లీకై ఉంటుంది. దాన్ని పట్టుకుని ఎవడో లోపలికి దూరి, మన పేరు మీద మనవాళ్లందరికీ 'ఆస్పత్రిలో ఉన్నాను, డబ్బు పంపండి' అని రాస్తాడు. ఇలా జరిగినవాళ్లు నాకు తెలుసు. ఆ ఖాతాను అలాగే గాలికి వదిలేయమని నేనూ అనను.

కానీ దీనికి మందు తాళం. లాగిన్ ఆపేయండి. బయటికి మెయిల్ పోకుండా, లోపలికి రాకుండా చేయండి. అసలు మనిషి వచ్చి తానేనని రుజువు చేసుకున్నాకే తెరవండి. దొంగ భయం అంతటితో తీరిపోతుంది. ఉత్తరాలు చెరిపేయడం వల్ల ఆ భద్రత ఇంకాస్త పెరిగేదేమీ లేదు, కంపెనీకి జాగా మిగలడం తప్ప.

ఆ జాగా ఖరీదెంతో కూడా చూద్దాం. అరుదుగా తీసి చూసే సమాచారాన్ని చవగ్గా దాచిపెట్టే సేవను ఇదే గూగుల్ వ్యాపార సంస్థలకు అమ్ముతోంది. దాని పేరు ఆర్కైవ్ స్టోరేజ్. అమెరికా డేటా సెంటర్లలో ఒక జీబీకి నెలకు 0.0012 డాలర్లు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మొత్తం నిండిపోయిన ఖాతాను ఆ లెక్కన ఏడాదిపాటు ఉంచితే అయ్యేది ఇరవై రూపాయల చుట్టుపక్కల. బయటివాళ్లకు లాభం వేసుకుని చెప్పే ధర అది. మామూలు మనుషుల మెయిల్ చాలాసార్లు అంత నిండను కూడా నిండదు.

మన బ్యాంకుల సంగతి తీసుకోండి. సేవింగ్స్ ఖాతాలో రెండేళ్లపాటు మన వైపు నుంచి లావాదేవీ ఏదీ లేకపోతే దాన్ని వాడుకలో లేని ఖాతాగా మారుస్తారు. గమనించండి, అక్కడా రెండేళ్లే. అయితే ఆ రోజున బ్యాంకు చేసేది ఖాతాను ఆపి ఉంచడం. డబ్బు డబ్బులాగే ఉంటుంది, వడ్డీ కూడా పడుతుంది. బ్యాలెన్స్ తగ్గిందని జరిమానా వేయకూడదని 2024 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన కూడా వచ్చింది. కేవైసీ ఇచ్చి మళ్ళీ తెరిపించుకోవచ్చు. పదేళ్లు ఎవరూ రాకపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు 2014లో పెట్టిన డిపాజిటర్ల నిధికి వెళ్తుంది. అప్పుడు కూడా అది పోయినట్టు కాదు. అసలు మనిషో, వారసులో ఎప్పుడొచ్చినా అడిగి తీసుకోవచ్చు. ఎవరి డబ్బు ఎక్కడ మిగిలిపోయిందో వెతుక్కోవడానికి 2023లో 'ఉద్గమ్' అని ఒక పోర్టల్ కూడా పెట్టారు. అయిదు వందల రూపాయలు మర్చిపోయిన మనిషిని వెతికి పట్టుకోవడానికి ఇంత ఏర్పాటు ఉంది. ఉత్తరాలకు అందులో వందో వంతు మర్యాద కూడా లేదు.

అది డిపాజిట్, ఇది ఉచిత సేవ, రెంటికీ పోలికేమిటి అంటారు. ఉచితమన్నది పైకి కనిపించే మాట. మన వాడకంతోనే ఆ కంపెనీలు ప్రకటనల వ్యాపారం పెంచుకున్నాయి. పైగా అన్నీ మా దగ్గరే దాచుకోండి అని పిలిచింది వాళ్లే. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చినప్పుడు ఒక జీబీ ఇస్తామన్నారు. అప్పటికి హాట్‌మెయిల్ ఇచ్చేది రెండు ఎంబీ, యాహూ నాలుగు ఎంబీ. ఇక మీదట ఏ మెయిలూ డిలీట్ చేసుకునే పని ఉండదు, వెతుక్కుంటే చాలు అన్నదే దాని ఆకర్షణ. ఆ మాట నమ్మి ఒక తరమంతా కాగితం మీద ఉత్తరాలు రాయడం మానేసింది. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత మధ్యలో షరతు మార్చితే, ఆ మాట నమ్మినవాళ్ల మీద బాధ్యత ఉండాలి కదా.

ఇంతకీ ఇలా వాడకుండా పడి ఉండే ఖాతాలు ఎలా పుడతాయి? బద్ధకస్తుల ఖాతాలు అనుకుంటే పొరపాటు. మన ఊళ్లలో మెయిల్ ఐడీ తెరిచేది చాలాసార్లు ఆ మనిషి కాదు. పాలిటెక్నిక్ అప్లికేషన్‌కో, ఎంసెట్ కౌన్సెలింగ్‌కో, గ్రూప్స్ నోటిఫికేషన్‌కో నెట్ సెంటర్‌కు వెళ్తారు. అక్కడ కుర్రాడు గబగబా ఒక ఐడీ చేసి, పాస్‌వర్డు ప్రింటవుట్ వెనక రాసిచ్చేస్తాడు. ఆ కాగితం సర్టిఫికెట్ల ఫైల్లోకి వెళ్తుంది, లేదా పోతుంది. క్యూ ఎక్కువగా ఉంటే ఆ కుర్రాడు తన నంబరే ఇచ్చి పని కానిస్తాడు. అతన్ని తప్పుపట్టను. రోజంతా వందమంది అప్లికేషన్లు నింపే మనిషి అతను.

మొబైల్ షాపుల్లో ఇది ఇంకా ఎక్కువ. ఆండ్రాయిడ్ ఫోన్ కొన్న పెద్దాయనకు ప్లే స్టోర్ తెరుచుకోవాలంటే ఖాతా కావాలి. షాపువాడు అక్కడికక్కడే ఒకటి చేసి ఫోన్ చేతిలో పెడతాడు. ఆ పెద్దాయనకు తనకొక మెయిల్ ఐడీ ఉందనే తెలియదు. 'మీ మెయిల్ ఐడీ ఏంటండీ' అని అడిగితే ఫోన్ మన చేతికి ఇచ్చేస్తారు. రెండు మూడేళ్లకు ఆ ఫోన్ నీళ్లలో పడుతుంది, లేదా మనవడు కింద పడేస్తాడు. కొత్త ఫోన్, కొత్త షాపు, కొత్త ఐడీ. పాత ఖాతాలోనే మనవరాలి బారసాల ఫోటోలు, తీర్థయాత్రల ఫోటోలు, ఫోన్ నంబర్లన్నీ ఉండిపోతాయి. ఆ రోజు నుంచి రెండేళ్ల గడియారం తిరగడం మొదలవుతుంది. హెచ్చరిక రావడం వస్తుంది. ఎక్కడికి? నీళ్లలో పడిన ఫోన్లో ఉన్న ఖాతాకి. ఫోటోలు ఎటుపోయాయని వాళ్లు అడిగితే, 'పాత ఫోన్తోపాటే పోయాయి' అని ఇంట్లో పిల్లలే చెప్పేస్తారు. ఆ మాట అన్న రోజుకి అవి ఇంకా ఉండే ఉంటాయి. పట్టించుకునేవాళ్లు ఒక్కరుంటే తిరిగొచ్చేవి.

గల్ఫ్ వెళ్ళినవాళ్ల కథ వేరు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్‌కి, కడప, కోనసీమల నుంచి కువైట్‌కి వెళ్ళే మనిషి కాంట్రాక్టు సాధారణంగా రెండేళ్లది. ఇక్కడి సిమ్ రీఛార్జి లేక ఆగిపోతుంది. ఆగిపోయిన నంబరును టెలికాం కంపెనీలు 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. సెలవుకు ఇంటికొచ్చి పాత మెయిల్ తెరుద్దామనుకునేసరికి ఓటీపీ ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోనుకు పోతుంది. ఈ మనిషి దేన్నీ వదిలేయలేదు. బతుకుతెరువు కోసం వెళ్ళాడు. నంబరుకు తొంభై రోజులు, మెయిల్‌కు రెండేళ్లు అని గడువులు పెట్టినవాళ్ల కళ్ల ముందు ఈ మనిషి ఎన్నడూ లేడు.

మా అత్తయ్య ఖాతా సంగతి కొంచెం వివరంగా చెప్తాను. ఏ కంపెనీది అన్నది అనవసరం. పెద్దబావ చదువు కోసం డాలస్ వెళ్ళిన రోజుల్లో, 2006లో తెరిచిన ఖాతా అది. ఫలానా తేదీకి తీసేస్తామని నాకు హెచ్చరిక రాగానే ఖమ్మం వెళ్ళాను. ఫోన్లో చెప్తే అయ్యే పని కాదని తెలుసు.

అత్తయ్య పాస్‌వర్డు జాగ్రత్తగానే దాచింది. ఎల్ఐసీ డైరీలో, పాల లెక్కల పేజీ పక్కన రాసిపెట్టింది. అయితే తెలుగులో రాసుకుంది. 'శ్రీనివాస, మొదటిది పెద్దక్షరం, తర్వాత 1978' అని. ఇప్పుడు మార్చేశాం కాబట్టి చెప్పినా ఫర్వాలేదు.

"అత్తయ్యా, శ్రీకి రెండు 'ఈ'లు కొట్టేదానివా, ఒక 'ఐ' కొట్టేదానివా?"

"చెయ్యి అలవాటు మీద కొట్టేదాన్ని తల్లీ, ఇప్పుడు అడిగితే ఏం చెప్పను" అంది.

తెలిసిన రకాలన్నీ కొట్టి చూశాం. కాసేపటికి చాలాసార్లు ప్రయత్నించారు, తర్వాత రండి అని ఆపేశారు. ఓటీపీ పంపిస్తామన్న నంబరు ఎప్పుడో మానేసిన నంబరు. ఖాతా ఏ సంవత్సరం ఏ నెలలో తెరిచారో చెప్పమన్నారు. సంవత్సరం తెలుసు, నెల ఎవరికి గుర్తుంటుంది? ఆ కంపెనీకి ఫోన్ చేసి మాట్లాడేందుకు మనిషి లేడు. డెబ్భై ఏళ్ల రిటైర్డ్ టీచరు, తన పేరు మీద ఉన్న ఖాతా ముందు కూర్చుని, నేను నేనే అని ఎలా చెప్పాలో తెలియక నా మొహం చూస్తోంది. నాకు ఆ క్షణంలో వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

చివరికి హాల్లో గుడ్డ కప్పి ఉన్న పాత కంప్యూటర్ ఆదుకుంది. ఇంతకుముందు వాడిన పరికరం నుంచి, అదే ఇంటి ఇంటర్నెట్ నుంచి ప్రయత్నిస్తే ఈ వ్యవస్థలు కాస్త నమ్ముతాయి. ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే గుర్తుపెట్టుకోండి, కొత్త ఫోన్లో కుస్తీ పట్టేముందు పాత పరికరం వెతకండి. ఆన్ అవడానికే చాలాసేపు తీసుకున్న ఆ కంప్యూటర్లో పాస్‌వర్డు సేవ్ అయి ఉంది. లోపలికి వెళ్ళాం.

అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు ఉత్తరాలు. బావ రాసినవి చిన్నవి. ఇక్కడ మంచు పడుతోంది, కోటు కొన్నాను, పరీక్షలు బాగా రాశాను. అత్తయ్య జవాబులన్నీ పెద్దక్షరాల్లో ఉన్నాయి, క్యాప్స్ లాక్ తీయడం ఆవిడకు అప్పట్లో తెలియదు. పప్పుచారు ఎలా పెట్టాలో ఒక పేజీ నిండా రాసింది. చింతపండు చిన్న నిమ్మకాయంత, ములక్కాడ దొరక్కపోతే సొరకాయ ముక్కలు, పోపులో ఇంగువ మర్చిపోకు అని. బావకు మొదటి ఉద్యోగం వచ్చిన రోజు మావయ్య చెప్తుంటే అత్తయ్య టైపు చేసిన ఉత్తరం ఇంకొకటి. మావయ్య కొడుకుతో ఫోన్లో రెండు ముక్కలకు మించి మాట్లాడే మనిషి కాదు. ఆ ఉత్తరంలో తన తండ్రి గురించి, తను చదువు మధ్యలో ఆపేయాల్సి రావడం గురించి రాయించాడు. ఇంట్లో ఎవరికీ ఆ సంగతులు అంత వివరంగా తెలియవు.

వాట్సాప్ వచ్చాక ఈ ఉత్తరాలు ఆగిపోయాయి. వీడియో కాల్‌లో రోజూ మొహాలు చూసుకునేవాళ్లు మెయిల్ ఎందుకు రాసుకుంటారు? ఆ ఖాతా వాడకపోవడానికి కారణం అంతే. అటక మీద పెట్టిన ఇత్తడి బిందెను రెండేళ్లకోసారి దించకపోతే అది మనది కాకుండా పోతుందా? వాడకపోవడాన్ని వదిలేసుకోవడంగా లెక్కగట్టడమే ఈ మొత్తం వ్యవహారంలో మౌలికమైన పొరపాటు. పాత ఉత్తరాల విలువ వాటిని తరచూ తెరిచి చూడటంలో ఉండదు. ఎప్పుడో ఒక రోజు కావాలి. ఆ రోజుకి అవి ఉండాలి.

ఇది ఒక్క ఇంటి బాధ కూడా కాదు. ఇంటర్నెట్‌లో తెలుగు వాడకం మొదలైన రోజుల చరిత్ర చాలామటుకు మెయిల్‌లోనే ఉంది. కంప్యూటర్లో తెలుగు లిపికి వీలు కల్పించిన యూనికోడ్ అందరికీ అందుబాటులోకి రాకముందు, ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో పద్యాలు, వ్యాకరణ చర్చలు, కథల మీద వాదోపవాదాలు రాసుకునేవారు. 'రచ్చబండ' లాంటి యాహూ గ్రూపుల్లో, అంటే ఒకరు రాస్తే సభ్యులందరికీ మెయిల్‌లో చేరే చర్చావేదికల్లో, అమెరికాలో, ఇండియాలో ఉన్నవాళ్లు కలిసి ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారు. 2019 అక్టోబరులో యాహూ ఒక ప్రకటన చేసి, గ్రూపుల్లో ఉన్న సమాచారాన్ని డిసెంబరులో తీసేస్తామంది. రెండు నెలలు కూడా సమయం లేదు. గొడవ చేస్తే, ఎవరి డేటా వాళ్లు అడిగి తీసుకోవడానికి జనవరి చివరి దాకా పొడిగించారు. 2020 డిసెంబరుకు గ్రూపులే మూతపడ్డాయి. ఇక ఆ ఉత్తరాల నకళ్లు మిగిలింది ఎక్కడ? ఎక్కువగా ఆనాటి సభ్యుల సొంత ఇన్‌బాక్సుల్లో. వాళ్లలో చాలామందివి యాహూ ఖాతాలు, చాలామంది ఇప్పుడు పెద్దవాళ్లు. ఆ ఖాతాలకు ఉన్నది ఏడాది గడువు. ఒక్కో ఖాతా పోయినప్పుడల్లా ఆ సంభాషణల్లో ఒక వైపు శాశ్వతంగా పోతుంది, పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో ఆ గ్రూపుల్లో రాసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఈ వారమే వాళ్ల మెయిల్ తెరిపించండి.

మనిషి పోయాక ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఇందులోనే ఉంది. 2004లో ఇరాక్‌లో చనిపోయిన అమెరికన్ సైనికుడు జస్టిన్ ఎల్స్‌వర్త్ మెయిల్స్ కోసం అతని తల్లిదండ్రులు అడిగితే యాహూ మొదట ఇవ్వలేదు, గోప్యత నిబంధన అంది. 2005లో మిషిగన్ కోర్టు చెప్పాకే సీడీలో పెట్టి ఇచ్చింది. ఆ కేసు జరిగి ఇరవై ఏళ్లు దాటింది. గోప్యత మాట నిజమే, అన్ని ఉత్తరాలూ ఇంట్లోవాళ్లు చదవాలని రాసినవి కావు. దాన్ని తేల్చుకోవాల్సింది ఆ మనిషే, బతికి ఉండగా. గూగుల్‌లో అందుకు 2013 నుంచే 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' అనే ఏర్పాటు ఉంది. మూడు, ఆరు, పన్నెండు, పద్దెనిమిది నెలల్లో ఎంతకాలం అలికిడి లేకపోతే మనం లేనట్టు అనుకోవాలో మనమే చెప్పొచ్చు. ఆ తర్వాత ఎవరికి కబురు చేయాలో, వాళ్లకు ఏమేం ఇవ్వాలో పదిమంది దాకా పేర్లు పెట్టుకోవచ్చు. మంచి ఏర్పాటు. కాకపోతే సెట్టింగుల్లో వెతుక్కుని వెళ్తే తప్ప కనపడదు. ఖాతా తెరిచిన రోజే నామినీ పేరు అడిగే బ్యాంకు ఫారం లాగా ఇది ముందుకు వచ్చి అడగాలి.

ఈ హెచ్చరికలు నిజమైనవో దొంగవో తేల్చుకోవడం ఇంకో టెన్షన్. 'మీ ఖాతా 24 గంటల్లో మూతపడుతుంది, ఇక్కడ నొక్కండి' అని మోసగాళ్లు పంపేవి అసలు వాటికంటే ఎక్కువ కనిపిస్తాయి. భయపడి నొక్కితే అచ్చం అలాంటి పేజీయే వస్తుంది, పాస్‌వర్డు కొట్టగానే ఖాతా వాళ్ల చేతికి పోతుంది. నేను మా వాళ్లందరికీ చెప్పేది ఒక్కటే. నిజమైనదైనా సరే, మెయిల్‌లో ఉన్న లింకు నొక్కవద్దు. బ్రౌజర్లో మనమే చిరునామా కొట్టి, లేదా ఫోన్లో యాప్ తెరిచి, మామూలుగా లోపలికి వెళ్ళండి. హెచ్చరిక నిజమైతే అలా వెళ్ళడంతోనే ఆ ముప్పు తప్పిపోతుంది. అబద్ధమైతే నష్టం లేదు. ఒకవేళ నొక్కి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

కంపెనీలు మారేదాకా మన చేతిలో ఉన్న పని మనం చేసుకోవాలి. పండక్కి అందరూ ఇంటికి చేరినప్పుడు ఒక పూట కూర్చుంటే సరిపోతుంది. అమ్మానాన్నల ఫోన్లలో ఏ ఐడీ ఉందో, పాత ఫోన్లో ఏది ఉండేదో కనుక్కోండి. రికవరీ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా చూడండి. షాపువాడి నంబరు ఉంటే తీసేయండి. ఒక మెయిల్ తెరిచి చదవడం, డ్రైవ్ వాడటం, ఆ ఖాతాతో యూట్యూబ్ వీడియో చూడటం, ప్లే స్టోర్‌లో యాప్ దింపుకోవడం కూడా వాడకం కిందే లెక్క. ఫోటోల దగ్గర ఒక మెలిక ఉంది. మెయిల్ వాడుతున్నాం కదా అని ధీమాగా ఉండకుండా, గూగుల్ ఫోటోస్ విడిగా తెరవాలని ఆ కంపెనీయే చెప్పింది. ముఖ్యమైన ఖాతా అయితే గూగుల్ టేకౌట్‌లోకి వెళ్ళి మొత్తం మెయిల్ దింపుకోండి. ఎంబాక్స్ అనే ఒక పెద్ద ఫైల్ వస్తుంది, దాన్ని థండర్‌బర్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చదువుకోవచ్చు. యాహూ, ఔట్‌లుక్ ఖాతాలనైతే నేరుగా థండర్‌బర్డ్‌లోకే కలిపి దింపుకోవచ్చు. దాన్ని రెండు చోట్ల దాచండి. మా అత్తయ్య ఉత్తరాలు ఇప్పుడు ఒక పెన్‌డ్రైవ్‌లోనూ, బావ ల్యాప్‌టాప్‌లోనూ ఉన్నాయి. పప్పుచారు ఉత్తరం మాత్రం ప్రింట్ తీసి ఆవిడ అదే డైరీలో పెట్టుకుంది.

అయితే ఇంట్లో ఇలా కూర్చోబెట్టేవాళ్లు అందరికీ ఉండరు. అందుకే చట్టం కావాలి. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. అందులో 14వ సెక్షన్ అమల్లోకి వచ్చాక, మనం పోయినా, మంచాన పడినా మన తరఫున హక్కులు వాడుకోవడానికి ఒకరిని నామినేట్ చేయవచ్చు. మంచి అడుగు. 2025 నవంబరులో వచ్చిన నిబంధనల్లో మాత్రం నన్ను కలవరపెట్టే సంగతి ఉంది. కోట్లమంది వాడే ఈ-కామర్స్, సోషల్ మీడియా సంస్థలు, పెద్ద గేమింగ్ కంపెనీలు మూడేళ్లు అలికిడి లేని మనిషి డేటాను చెరిపేయాలి. చెరిపేసే ముందు కబురు చేయాలి. ఎంత ముందు? కనీసం 48 గంటలు. కొనుగోళ్ల చిట్టా చెరిపేస్తే నాకు సంతోషమే, అది కంపెనీ నా గురించి పోగేసుకున్నది. నేను రాసుకున్నవి, నాకు వచ్చిన ఉత్తరాలు, నేను పెట్టుకున్న ఫోటోలు అలా కాదు, అవి నేను దాచుకున్నవి. రెంటినీ ఒకే గాటన కట్టి రెండు రోజుల నోటీసుతో సరిపెట్టడం అన్యాయం. మూడేళ్లు తొంగిచూడని మనిషి సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే చూస్తాడా?

ఈ నిబంధన అమల్లోకి రావడానికి నోటిఫై అయిన రోజు నుంచి 18 నెలలు గడువు పెట్టారు. ఈలోపు మార్చమని అడగవచ్చు. ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖకు నేను రాసి పంపుతున్న కోరికలు ఇవి. మనుషులు దాచుకున్న మెయిల్‌కు, ఫోటోలకు విడిగా ఒక నిబంధన ఉండాలి. గడువు దాటితే ఖాతా ఆగాలి, లోపలివి బ్యాంకు డిపాజిట్లలాగా కనీసం పదేళ్లు ఉండాలి. నోటీసు ఆర్నెల్ల ముందు నుంచి రావాలి, మెయిల్‌కే కాకుండా ఫోనుకు, నామినీకి కూడా, ఆ మనిషి చదివే భాషలో రావాలి. ఖాతా తిరిగి తెరిపించుకోవడానికి ఆధార్ పట్టుకుని వెళ్తే మాట్లాడే మనిషి ఒకరు, కనీసం జిల్లాకొక చోట, మీసేవలోనో పోస్టాఫీసులోనో ఉండాలి. మీకు వీటిలో ఏది సబబుగా తోచినా మీరూ ఆ శాఖకు రాయండి, తెలుగులోనే రాయండి.